చీము చెప్పే పేరు

ప్రయోగశాల బల్ల మీదికి రోజూ వచ్చే నమూనాల్లో రక్తం, మూత్రం ఓ పట్టాన నోరు విప్పవు. చీము అలా కాదు. సీసా మూత తీయకముందే కొంత బయటపెట్టేస్తుంది. మీగడలా చిక్కగా, లేత పసుపు రంగులో ఉంటే ఒక అనుమానం. నీళ్లలా పలచగా, కాస్త నెత్తురు కలిసి ఉంటే ఇంకో అనుమానం. కాలిన గాయం మీది కట్టుకు నీలం కలిసిన ఆకుపచ్చ మరక అంటితే మరొకటి. సిరంజి మూత తీయగానే కుళ్లు కంపు గుప్పుమంటే వేరొకటి. అనుభవమున్న టెక్నీషియన్ సూక్ష్మదర్శిని దగ్గరకు వెళ్లకముందే మనసులో ఒక పేరు అనుకుంటాడు. అది ప్రతిసారీ నిజం కావాలని లేదు గానీ, గుడ్డెద్దు చేలో పడ్డట్టు చేసిన ఊహ మాత్రం కాదు.

ఎందుకంటే ఈ తేడాలకు కారణముంది. ఒంట్లో చొరబడ్డాక ఏ బాక్టీరియా ఏ ఎంజైము వదులుతుందో, ఏ రంగు కలుపుతుందో, దాన్నిబట్టే చీము తీరు మారుతుంది. ఇందులో ఇంకో విశేషం ఉంది. ఆ బాక్టీరియా పేరు తేల్చడానికి ప్రయోగశాలలో చేసే పరీక్షల్లో చాలావరకు, అది రోగి ఒంట్లో చేసిన పనినే గాజుపలక మీదో, నాళికలోనో మళ్లీ చేయించి చూడటమే. విద్యార్థులు ఈ పరీక్షలను పట్టికలుగా బట్టీపట్టి పరీక్ష గట్టెక్కుతారు, ఆర్నెల్లకు మరిచిపోతారు. చీము తీరునూ పరీక్ష తీరునూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే బట్టీపట్టాల్సింది పెద్దగా మిగలదు.

చీములో ఎక్కువ భాగం బాక్టీరియాది కాదు, మన ఒంటిదే. చర్మం తెగిన చోటో, వెంట్రుక కుదురు దారినో బాక్టీరియా లోపలికి చేరగానే రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు అక్కడికి గుంపులుగా పరుగెత్తుతాయి. బాక్టీరియాను మింగి, తమలోని ఎంజైములతో, హైడ్రోజన్ పెరాక్సైడు వంటి ఘాటు రసాయనాలతో చంపుతాయి. ఆ పనిలో తామూ చస్తాయి. చచ్చిన కణాలు, కరిగిపోయిన కణజాలం, ఊరిన ద్రవం, మిగిలిన బాక్టీరియా అన్నీ కలిసిన ముద్దే చీము. దానికి మామూలుగా ఉండే లేత ఆకుపచ్చ ఛాయ కూడా ఆ తెల్లకణాల్లోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైముదే. న్యూట్రోఫిళ్లను ఇలా దండులుగా రప్పించే బాక్టీరియాకే చీము పుట్టించేవని పేరు.

ఈ జబ్బులకు తెలుగులో పాతకాలం నుంచి విడివిడిగా పేర్లున్నాయి. వెంట్రుక కుదురులో మొదలై, ఎర్రగా గట్టిపడి, నడిమధ్య తెల్లగా మొన తేలేది సెగ్గడ్డ. ఆ మాటలోనే సెగ ఉంది. నాలుగైదు సెగ్గడ్డలు లోలోపల కలిసిపోయి, జల్లెడ కన్నాల్లోంచి కారినట్టు చీము కారితే రాచకురుపు. ఇది మధుమేహం ఉన్నవాళ్లకు మెడ వెనుక, వీపు మీద ఎక్కువగా వస్తుంది. రెప్ప అంచున లేచేది కంటికురుపు. గోరు పక్క చర్మం కింద చేరేది గోరుచుట్టు. అక్కడ చీము సాగడానికి జాగా ఉండదు, ఒత్తిడంతా నరాల మీదే పడుతుంది. దాని మీద రోకటిపోటు తగిలితే ఎలా ఉంటుందో సామెత కట్టినవాళ్లకు బాగా తెలుసు. ఈ నాలుగింటి వెనుకా చాలాసార్లు ఉండేది ఒకటే బాక్టీరియా, స్టెఫిలోకాకస్ ఆరియస్.

ఐరోపాలో శతాబ్దాలపాటు గాయానికి చీము పట్టడం మంచి లక్షణమని నమ్మారు. చిక్కటి, తెల్లటి చీముకు 'మెచ్చదగిన చీము' అని పేరు కూడా పెట్టారు. వినడానికి వెర్రిగా ఉన్నా, ఆ నమ్మకానికి ఒక ఆధారముంది. పలచటి రసి కారుతూ ఎరుపు పైపైకి పాకిన రోగి తొందరగా పోయేవాడు. చిక్కటి చీము ఒకచోట గడ్డకట్టిన రోగికి బతికే అవకాశం ఎక్కువ. వాళ్లు చూసింది నిజమే, చెప్పుకున్న కారణం తప్పు. అసలు కారణం రెండు బాక్టీరియాల మధ్య ఉన్న తేడా.

1880 ప్రాంతంలో స్కాట్లాండులోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే శస్త్రవైద్యుడు ఇంటి వెనుక చిన్న ప్రయోగశాల పెట్టుకుని, గడ్డల నుంచి తీసిన చీముకు రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూడసాగాడు. వేడి, ఎరుపు, సలుపు ఉన్న గడ్డల చీములో గుండ్రటి బాక్టీరియా కనిపించాయి. కొన్ని గొలుసుల్లా ఉన్నాయి, కొన్ని గుత్తుల్లా ఉన్నాయి. వాటిని కోడిగుడ్లలో పెంచాడు, జంతువులకు ఎక్కించి మళ్లీ గడ్డలు లేపాడు. గొలుసుల రకానికి వియన్నాలోని శస్త్రవైద్యుడు బిల్‌రోత్ 1874లోనే స్ట్రెప్టోకాకస్ అని పేరు పెట్టి ఉన్నాడు. గుత్తుల రకానికి ఆగ్‌స్టన్ 1882లో, ద్రాక్షగుత్తిని చెప్పే గ్రీకు మాట తీసుకుని స్టెఫిలోకాకస్ అన్నాడు. 1884లో జర్మనీకి చెందిన రోజెన్‌బాక్ దాన్ని విడిగా పెంచి, బంగారు రంగు కాలనీలు (బాక్టీరియా ఒకచోట గుంపుగా పెరిగి కంటికి కనబడే చుక్కలు) కట్టే రకాన్ని ఆరియస్ అన్నాడు. అదే ఏడాది బెర్లిన్‌లో పనిచేస్తున్న డెన్మార్క్ వైద్యుడు గ్రామ్, బాక్టీరియాను ఊదా, ఎరుపు అని రెండు రకాలుగా విడదీసి చూపే తన రంగుల పద్ధతిని ప్రచురించాడు. ఆగ్‌స్టన్‌కు ఒక చిక్కు మాత్రం మిగిలిపోయింది. సెగ లేని, ఎర్రబడని, నెలల తరబడి నిమ్మళంగా పెరిగే 'చల్లటి గడ్డ'ల చీములో ఎంత వెతికినా ఆయనకు ఈ గుండ్రటివేవీ కనబడలేదు. ఆ సంగతి తర్వాత.

స్టెఫిలోకాకస్ ఆరియస్ కొత్తగా వచ్చే శత్రువేమీ కాదు. నూటికి 20 నుంచి 30 మంది ముక్కు ముందుభాగంలో ఏ హానీ చేయకుండా కాపురముంటుంది. ముక్కు గిల్లుకున్న వేలితో గడ్డం గీరుకున్న చోటు తాకితే అక్కడికి మకాం మారుస్తుంది. లోపలికి దిగాక దాని మొదటి పని చుట్టూ గోడ కట్టుకోవడం. కోయాగ్యులేజ్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది రక్తంలోని ప్రోథ్రాంబిన్‌తో జతకట్టి, కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా పేరుకునేలా చేస్తుంది. ఆ దారాల మాటున బాక్టీరియా ఉంటుంది, చుట్టూ తెల్లకణాలు చచ్చి పోగుపడతాయి. గడ్డ ఒకచోటే ఉండటానికి, చీము చిక్కబడటానికి ఇదొక ముఖ్య కారణం. మింగిన మందు ఆ గోడ దాటి తగినంత లోపలికి చేరదు. కోసి చీము తీయకుండా యాంటీబయాటిక్ మార్చి మార్చి రాస్తే రోగికి మిగిలేది బిల్లే. వేడి కాపడం పెట్టి మొన తేలేదాకా ఆగడమనే ఇంటి వైద్యానికి అర్థముంది. సున్నం, బెల్లం కలిపి పట్టు వేయడం మాత్రం వేరే సంగతి, సున్నం చర్మాన్ని కాలుస్తుంది. ముక్కు మీద, పై పెదవి మీద లేచిన సెగ్గడ్డను చిదమకూడదనే పెద్దల మాట నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడి సిరలకు మెదడు అడుగునున్న పెద్ద సిరతో లంకె ఉంది.

ఇప్పుడు ఇదే కోయాగ్యులేజ్‌ను ప్రయోగశాలలో చూడాలి. కుందేలు ప్లాస్మాను, అంటే రక్తంలోంచి కణాలు తీసేయగా మిగిలిన ద్రవాన్ని, ఉప్పునీటితో పలచన చేసి చిన్న నాళికలో అర మిల్లీలీటరు తీసుకుంటారు. అనుమానమున్న కాలనీని అందులో కలిపి 37 డిగ్రీల వేడిలో పెడతారు. గంటకోసారి నాళికను మెల్లగా వంచి చూస్తారు, కుదపరు. మొదటి గంటలో ప్లాస్మా నీళ్లలా అటూ ఇటూ పారుతుంది. రెండో గంటకో మూడో గంటకో అడుగున ఒక చిన్న జిగురు ముద్ద. నాలుగో గంటకు గోరువెచ్చటి పాలు తోడుకున్నట్టు మొత్తం పేరుకుపోయి, నాళికను పక్కకు వంచినా కదలదు. గడ్డ చుట్టూ గోడ కట్టిన పనే ఇది, ఈసారి గాజులో. ఆ ఒక్క లక్షణంతో ఆరియస్‌ను, చర్మం మీద సాధువుల్లా ఉండే మిగతా స్టెఫిలోకాకస్‌ల నుంచి వేరుచేస్తారు.

పేచీ ఎక్కడంటే, ఈ నాళికను నాలుగు గంటలకు చూడకుండా ఏకంగా మర్నాడు పొద్దున్న చూసేవాళ్లున్నారు. కొన్ని ఆరియస్ రకాలు ఫైబ్రిన్‌ను కరిగించే స్టెఫిలోకైనేజ్ అనే ఇంకో ఎంజైమునూ తయారుచేస్తాయి. సాయంత్రం పేరుకున్న ప్లాస్మా తెల్లారేసరికి మళ్లీ నీళ్లవుతుంది, నివేదికలో 'నెగటివ్' అని పడుతుంది. అందుకే నాలుగో గంటకు తప్పక చూడాలి, అప్పటికి పేరుకోకపోతేనే రాత్రంతా ఉంచాలి. రక్తం దానంతటది గడ్డకట్టకుండా కలిపే రసాయనంగా సిట్రేట్ బదులు ఈడీటీఏ వాడటంలోనూ ఇలాంటి కారణమే ఉంది. సిట్రేట్‌ను తినేసే ఎంటరోకాకస్ వంటివి కలిస్తే కోయాగ్యులేజ్ లేకున్నా ప్లాస్మా గడ్డకడుతుంది. గాజుపలక మీద ప్లాస్మా చుక్క కలిపి పది సెకన్లలో గుంపుకట్టిందా లేదా చూసే దగ్గరిదారి కూడా ఉంది. కొన్ని ఆరియస్ రకాలు అందులో దొరక్కుండా తప్పించుకుంటాయి కాబట్టి, పలక మీద 'లేదు' అని వస్తే నాళికను అడగాల్సిందే.

కెటలేజ్ పరీక్ష మరీ సులువు. పలక మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు చుక్క వేసి కాలనీని తాకిస్తే స్టెఫిలోకాకస్ బుస్సున నురగ పొంగిస్తుంది, స్ట్రెప్టోకాకస్ చలించదు. తెల్లకణం తనను చంపడానికి వాడే ఆయుధాల్లో పెరాక్సైడు ఒకటని ముందే చెప్పుకున్నాం. దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విరగ్గొట్టేదే కెటలేజ్. పుట్టుకతోనే తెల్లకణాల్లో పెరాక్సైడు తయారుకాని పిల్లలు కొందరుంటారు. వాళ్లను పదేపదే గడ్డల పాలు చేసేవి ప్రధానంగా ఆరియస్ వంటి కెటలేజ్ ఉన్న బాక్టీరియాలే. ఇంత చిన్న పరీక్షలోనూ కాలు జారే చోటుంది. నెత్తురు కలిపిన మాధ్యమం మీది కాలనీని తీసేటప్పుడు ఎర్రకణాలు అంటుకొస్తే వాటిలోని కెటలేజ్ నురగ తెప్పిస్తుంది. ఇనుప తీగతో తీసినా అంతే.

ఇక రెండోది, స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్. పయోజెనిస్ అంటేనే చీము పుట్టించేది. పేరు అలా ఉన్నా చిక్కటి చీము దీని లక్షణం కాదు. స్టెఫిలోకాకస్ గోడ కడితే ఇది గోడలు కూలుస్తుంది. స్ట్రెప్టోకైనేజ్ ఫైబ్రిన్ దారాలను కరిగించేలా చేస్తుంది. హయాల్యురోనిడేజ్ కణజాలాన్ని పట్టి ఉంచే జిగురును తెగ్గొడుతుంది. చచ్చిన తెల్లకణాల్లోంచి బయటపడ్డ డీఎన్ఏ పోగులే చీమును జిగటగా ఉంచుతాయి. డీఎన్‌ఏజ్ వాటినీ తుంచేస్తుంది. అందుకే చీము పలచన, ఎరుపు పాకుడు. పొద్దున్న చీలమండ దగ్గరున్న వాపు సాయంత్రానికి మోకాలి దాకా రావచ్చు. వార్డుల్లో ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసి గంటగంటకూ చూసేది దీనికోసమే. చర్మం పైకి పెద్దగా తేడా లేకుండా నొప్పి మాత్రం భరించలేనంతగా ఉంటే, కండరాల మీది పొర కుళ్లుతోందేమోనని వెంటనే శస్త్రవైద్యుణ్ని పిలవాలి. అక్కడ కల్చర్ రిపోర్టు కోసం ఆగే వ్యవధి ఉండదు. గుండెపోటు రోగుల్లో నెత్తుటి గడ్డను కరిగించడానికి ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి ఎక్కించిన స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షన్ ఈ కుటుంబం నుంచి వచ్చిందే.

దీని కూల్చివేతను చూడటానికి, బాక్టీరియాను పెంచే జెల్లీలాంటి అగార్‌లో రక్తం కలిపి పోసిన పళ్లెం చాలు. రాత్రంతా వేడిలో ఉంచాక గుండుసూది తలంత కాలనీ చుట్టూ, దానికి కొన్ని రెట్ల వెడల్పున, ఎర్రకణాలన్నీ పగిలి నెత్తుటి రంగు పూర్తిగా పోతుంది. పళ్లేన్ని వార్తాపత్రిక మీద పెడితే ఆ వలయంలోంచి అక్షరాలు చదవొచ్చు, మిగతా చోట్ల చదవలేం. ఈ పని చేసే స్ట్రెప్టోలైసిన్‌లలో 'ఓ' రకం గాలి తగిలితే చచ్చుబడుతుంది. అందుకే పళ్లెం మీద గీసేటప్పుడు తీగతో రెండు మూడు చోట్ల అగార్‌ను పొడుస్తారు. గాలి అందని ఆ లోతులో వలయం ఇంకా తేటగా కనబడుతుంది. తర్వాత 0.04 యూనిట్ల బాసిట్రాసిన్ బిళ్ల (మందు పట్టించిన చిన్న కాగితం, మందుకు లొంగితే దాని చుట్టూ బాక్టీరియా పెరగని వలయం పడుతుంది), నిమిషాల్లో ఎర్రబడే పీవైఆర్ పరీక్ష, 1933లో రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ చూపిన దారిలో 'ఏ' గుంపు నిర్ధారణ. చిన్న ప్రయోగశాలల్లో గొర్రె రక్తం దొరక్క రక్తనిధిలో గడువు తీరిన మనిషి రక్తంతో పళ్లేలు పోయడం ఉంది. దాతల రక్తంలో ఈ బాక్టీరియా మీద ప్రతిదేహాలు (యాంటీబాడీలు) ఉండొచ్చు, సిట్రేట్ ఎటూ ఉంటుంది, వలయం సరిగా రాదు. పరీక్ష తెలిసినా పళ్లెం మంచిది కాకపోతే ఫలితం సున్న.

ఈ బాక్టీరియా తెచ్చిపెట్టే అసలు నష్టం ఒక్కోసారి చీము ఆరిపోయాకే బయటపడుతుంది. హాస్టళ్లలో పిల్లలకు గజ్జి పట్టి, గోకిన చోట పుండ్లు చీముపడతాయి. అవి మానుతున్న దశలో, సుమారు మూడు వారాలకు, పొద్దున్న లేచేసరికి ముఖం ఉబ్బుతుంది, మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది. అది మూత్రపిండాల వాపు. అప్పుడు స్ట్రెప్టోలైసిన్ 'ఓ' మీద పుట్టిన ప్రతిదేహాలను కొలిచే ఏఎస్ఓ పరీక్ష చేయించి, పెరగలేదు గనక స్ట్రెప్టోకాకస్ కాదని తేల్చేయడం తరచుగా జరిగే పొరపాటు. చర్మంలోని కొవ్వు పదార్థాలు స్ట్రెప్టోలైసిన్ 'ఓ'ను కట్టడి చేయడం వల్ల చర్మపు పుండ్ల తర్వాత ఏఎస్ఓ అంతగా పెరగదు. డీఎన్‌ఏజ్ 'బి'కి వ్యతిరేకంగా పుట్టిన ప్రతిదేహాలను చూడాలి. చీమును పలచబరచిన ఎంజైమే ఇక్కడ సాక్ష్యం చెబుతుంది. గొంతునొప్పి తర్వాత వచ్చే కీళ్లవాత జ్వరం, దానివల్ల దెబ్బతినే గుండె కవాటాలు ఇంకో పెద్ద కథ, అక్కడ ఏఎస్ఓ బాగానే పనికొస్తుంది.

ఆకుపచ్చ చీము సంగతి రంగులోనే ఉంది. నీలం-ఆకుపచ్చ మరక పడిన కట్ల నుంచి 1882లో ఫ్రాన్స్‌కు చెందిన ఫార్మసిస్టు గెసార్ వేరుచేసిన బాక్టీరియా సూడోమోనాస్ ఎరుజినోసా. పయోసయనిన్ అనే నీలిరంగు, పయోవెర్డిన్ అనే పసుపుపచ్చ కలిసి ఆ ఛాయ వస్తుంది. పయోసయనిన్ ఊరికే రంగు కాదు, చుట్టూ ఉన్న కణాలను దెబ్బతీసే విషం కూడా. సాధారణ అగార్ మీద పెంచితే కాలనీతో ఆగకుండా పళ్లెమంతా పచ్చబడుతుంది, మూత తీస్తే మగ్గిన ద్రాక్షపళ్ల వాసన. ఆక్సిడేజ్ కాగితం మీద రాస్తే పది సెకన్లలో ఊదారంగు. తడి ఉన్న ప్రతిచోటా బతకగలదు, వార్డులోని సింకులో కూడా. కాలిన గాయాల రోగులకు, మధుమేహుల చెవికి ఇది పెద్ద గండం.

సూడోమోనాస్ పోలికతో మోసం చేసే ఒక బాక్టీరియా గురించి తెలుగు నేల మీద ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పేరు బర్కోల్డేరియా సూడోమాలీ, జబ్బు పేరు మెలియాయిడోసిస్. 1911లో రంగూన్ ఆస్పత్రిలో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు దీన్ని మొదటిసారి గుర్తించారు. మట్టిలో, నిలవ నీటిలో, వరి మళ్లలో ఉంటుంది. కాలి పగుళ్లలోంచి, వానాకాలపు నీటి తుంపరల్లోంచి ఒంట్లోకి చేరుతుంది. మధుమేహం ఉన్నవాళ్లను, మద్యం ఎక్కువగా తాగేవాళ్లను పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్లీహంలో, కీళ్లలో, చర్మం కింద ఒకేసారి గడ్డలు లేపగలదు. వరి, వాన, మధుమేహం మూడూ పుష్కలంగా ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో దీని కేసులు బయటపడుతూనే ఉన్నాయి. ఇంకెన్ని వేరే పేర్లతో ఫైళ్లలో పడి ఉన్నాయో అన్న అనుమానం అన్యాయమైనదేమీ కాదు.

ఆ అనుమానం ఎందుకంటే, చీము కల్చర్‌లో ఇది లాక్టోస్ పులియబెట్టని, ఆక్సిడేజ్ ఉన్న గ్రామ్ నెగటివ్ కడ్డీగా, అంటే గ్రామ్ రంగులో ఎర్రగా, కనబడుతుంది. హడావుడిలో 'సూడోమోనాస్ జాతి' అని రాసి పంపేస్తారు. లేదా కలుషితమని పారేస్తారు. యంత్రాలు కూడా ఒక్కోసారి దీన్ని చుట్టాల పేరుతో పిలుస్తాయి. పళ్లేన్ని ఒక్క రోజుకే పారేయకుండా మూడు నాలుగు రోజులు ఉంచితే కాలనీలు ఎండిన చామంతిలా ముడతలు పడతాయి. రంగు వేస్తే రెండు కొసలూ ముదురుగా, మధ్య ఖాళీగా, పిన్నీసులా కనబడుతుంది. యంత్రం లేని ప్రయోగశాలకు మూడు బిళ్లలు చాలు. సాధారణంగా కోలిస్టిన్‌కు, జెంటామైసిన్‌కు లొంగదు, కో-అమాక్సిక్లావ్‌కు లొంగుతుంది. ఎరుజినోసాది దీనికి తలకిందుల వరస. ఆ మూడు వలయాలను ఒకచోట చూసిన టెక్నీషియన్ కాలనీని వాసన చూడటం మాని, మూత బిగించి, సేఫ్టీ క్యాబినెట్‌లోకి తీసుకుపోవాలి. పేరు సరిగ్గా పడితే వైద్యం పూర్తిగా మారుతుంది. కనీసం పది పద్నాలుగు రోజులు సెఫ్టజిడైమ్ లేదా మెరోపెనమ్, ఆపైన నెలల తరబడి కో-ట్రైమాక్సజోల్. 'సూడోమోనాస్' అనుకుని వారం రోజులకే మందు ఆపితే జబ్బు తిరగబెట్టడానికి తలుపు తెరిచి పెట్టినట్టే.

ఇంత పరిజ్ఞానమూ ఒక్కోసారి గుమ్మం దగ్గరే ఆవిరవుతుంది. చీము తీసినవాళ్లు దాన్ని ఫార్మలిన్ సీసాలో వేసి పంపుతారు. ఫార్మలిన్ ఉన్నదే చంపడానికి. అందులో రెండు గంటలు ఊరిన చీములో ఏం పెరుగుతుంది? ఇంకో రకం, పుండు పైన ఎండిన పక్కును దూదిపుల్లతో తుడిచి పంపడం. ముఖ్యంగా మధుమేహుల కాలి పుండ్లలో ఇలా తీస్తే పైన వాలిన నాలుగైదు రకాలు పెరిగి, ఎముక దాకా వెళ్లిన అసలు దొంగ దొరకడు. పుండును ఉప్పునీటితో కడిగి, చచ్చిన భాగం తొలగించి, లోతులోంచి చిన్న ముక్కో, సిరంజితో లాగిన చీమో పంపాలి. అది కూడా మొదటి డోసు యాంటీబయాటిక్‌కు ముందు. దూదిపుల్ల తప్పనిసరైతే రెండు తీయాలి, ఒకటి పలక మీద రాయడానికి, ఒకటి పెంచడానికి. ఒకే పుల్లతో రెండూ చేయబోతే ఏదో ఒకటి చెడుతుంది.

పలక మీద రాయడమంటే గ్రామ్ రంగు. క్రిస్టల్ వయొలెట్ నిమిషం, అయొడిన్ నిమిషం, ఆసిటోన్‌తో కొన్ని సెకన్లు కడుగు, శాఫ్రనిన్ అర నిమిషం. అయిదు నిమిషాల పని. అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ చెప్పే పరీక్ష ఇదే, అతి తక్కువ గౌరవం దక్కేదీ దీనికే. నూనె చుక్క వేసి నూరురెట్ల కటకం దించితే, గులాబి రంగులో న్యూట్రోఫిళ్లు, వాటి మధ్య ఊదారంగు గుత్తులో, గొలుసులో, ఎర్రటి కడ్డీలో కనిపిస్తాయి. న్యూట్రోఫిళ్లు లేకుండా చర్మకణాలే నిండి ఉంటే నమూనా పైపైన తీసిందని అక్కడే తెలిసిపోతుంది. మర్నాడు పళ్లెం మీద ఏం మొలిచినా, పలక మీద కనబడినదానితో పొంతన కుదరాలి. పలక మీద ఊసే లేని చర్మపు స్టెఫిలోకాకస్ ఎపిడర్మిడిస్ పళ్లెం మీద నాలుగు కాలనీలుగా మొలిస్తే, దానికి పన్నెండు మందుల జాబితా కట్టి రోగి చేతిలో పెట్టడం సేవ కాదు. కృత్రిమ మోకాలు పెట్టిన కీలులోంచి అదే మళ్లీ మళ్లీ వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

మందుల సంగతికి వస్తే, 1941 ఫిబ్రవరి 12న ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెనిసిలిన్ ఎక్కించారు. ముఖం, తల, కన్ను చీముపట్టి చావుకు దగ్గరైన మనిషి. రోజుల్లోనే తేరుకున్నాడు. మందు ఎంత తక్కువంటే, ఆయన మూత్రంలోంచి దాన్ని మళ్లీ వడగట్టి తిరిగి ఎక్కించారు. అదీ అయిపోయింది, జబ్బు తిరగబెట్టింది, మార్చి 15న చనిపోయాడు. ఆ తర్వాత మందుకు కొరత తీరింది గానీ ఆరియస్ పెనిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైముతో తయారైంది. దాన్ని తట్టుకునే మెథిసిలిన్ వాడుకలోకి వచ్చిన కొద్దికాలానికే, 1961లో, ఇంగ్లండులో దానికీ లొంగని ఆరియస్ కనబడింది. ఎంఆర్ఎస్ఏ అనేది దాన్నే. మెథిసిలిన్ ఇప్పుడు ఎవరూ వాడరు, పేరు మాత్రం నిలిచిపోయింది. పరీక్ష చేసేది 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ బిళ్లతో. చుట్టూ వలయం 21 మిల్లీమీటర్లు, అంతకు తక్కువ ఉంటే ఎంఆర్ఎస్ఏ. సెఫాక్సిటిన్‌ను రోగికి ఇవ్వడం కోసం కాదు ఈ కొలత, మెథిసిలిన్‌కు లొంగకుండా చేసే, లోపలున్న మెక్-ఏ జన్యువును బయటికి లాగడానికి.

దాగిన జన్యువును బయటికి లాగే ఇంకో పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ఎరిత్రోమైసిన్ బిళ్లకు లొంగని ఆరియస్, విడిగా పెట్టిన క్లిండమైసిన్ బిళ్లకు చక్కగా లొంగినట్టు కనిపించవచ్చు. రెండు బిళ్లలనూ 15 నుంచి 26 మిల్లీమీటర్ల దూరంలో పక్కపక్కన పెడితే, కొన్ని రకాల్లో క్లిండమైసిన్ వలయం ఎరిత్రోమైసిన్ వైపు చదునుగా అణిగిపోయి ఇంగ్లీషు 'డి' అక్షరంలా తయారవుతుంది. ఎరిత్రోమైసిన్ తాకిడికి నిద్రలేచిన జన్యువు క్లిండమైసిన్‌నూ అడ్డుకుంటోందన్నమాట. క్లిండమైసిన్ మొదలుపెట్టిన రోగి ఒంట్లో కొన్నాళ్లకు జరగబోయేదాన్ని పళ్లెం ఒక్క రాత్రిలో చూపిస్తుంది. రెండు బిళ్లలను దూరదూరంగా పెట్టిన చోట మాత్రం నివేదికలో క్లిండమైసిన్ పక్కన 'లొంగుతుంది' అనే పడుతుంది.

చివరగా, అందరినీ విసిగించే నివేదిక ఒకటుంది. 'చీముకణాలు విస్తారం, బాక్టీరియా ఏమీ పెరగలేదు.' చాలామంది దీన్ని శుభవార్తగా చదువుతారు. తెల్లకణాలు ఊరికే గుమిగూడవు. అప్పటికే యాంటీబయాటిక్ పడి ఉండొచ్చు. చీము కంపు కొడుతూ, పలక మీద రకరకాల కడ్డీలు కనబడి, పళ్లెం ఖాళీగా ఉంటే అవి గాలి తగిలితే చచ్చే బాక్టీరియా అయ్యుండాలి. వాటికి సిరంజిలో గాలి లేకుండా పంపిన చీము, ఆక్సిజన్ లేని డబ్బా కావాలి. కాలేయంలోంచి తీసింది చాక్లెట్ రంగులో, వాసన లేకుండా ఉంటే అది అమీబా చేసిన పని కావచ్చు, అందులో చీముకణాలు కూడా పెద్దగా ఉండవు, నిజానికి అది చీమే కాదు.

ఇవేవీ కానప్పుడు ఆగ్‌స్టన్‌ను వేధించిన చల్లటి గడ్డ గుర్తుకు రావాలి. ఆయన స్టెఫిలోకాకస్‌కు పేరు పెట్టిన 1882లోనే, మార్చి 24న, బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ బాక్టీరియాను ప్రకటించాడు. మైనపు గోడ ఉన్న ఆ కడ్డీకి ఆగ్‌స్టన్ వాడిన రంగులు అంటవు. అది న్యూట్రోఫిళ్లను దండుగా పిలవదు కాబట్టి సెగా ఉండదు. వెన్నుపూసలో మొదలై, కండరం వెంబడి జారి, నెలల తర్వాత గజ్జల్లో మెత్తటి బుడ్డలా తేలుతుంది. కోసినచోట మానని పుండు పడుతుంది. మామూలు పళ్లెం రెండో రోజుకు ఖాళీ, అయిదో రోజుకూ ఖాళీ. అదే చీమును, ఆ మైనపు గోడకూ పట్టే జీల్-నీల్సన్ రంగులో ఓపిగ్గా వెతికితే నీలం మీద సన్నటి ఎర్ర గీత ఒకటి దొరకవచ్చు, క్షయ బాక్టీరియా జన్యువులను వెతికే సీబీనాట్ యంత్రంలో పెడితే రెండు గంటల్లో జవాబు రావచ్చు. రెండూ దొరక్కపోయినా, గుడ్డు సొన కలిపి పోసిన ఎల్‌జే సీసాలో దాన్ని వంచి ఉంచితే, ఆకుపచ్చటి ఆ వాలు మీద ఆరేడు వారాలకు రొట్టె పొడి చల్లినట్టు గరుకుగా, పాలిపోయిన పసుపు రంగులో కాలనీలు తేలుతాయి.